వికార్‌గారికి ఆరుగురు పిల్లలా?

ప్రశ్న: మేడమ్, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఈ ఏడాది బీఏ అయింది. ఎంఏ ఇంగ్లిష్ చేద్దామని ఉంది. "నాలుగు ముక్కలు ఇంగ్లిష్‌లో మాట్లాడలేవు, నీకు షేక్‌స్పియర్ ఎందుకు?" అని అన్నయ్య ఎగతాళి చేస్తున్నాడు. నాన్నగారేమో బీఈడీ చెయ్యమంటున్నారు. నిజంగానే ఒక్క పేజీ చదవాలన్నా డిక్షనరీ తియ్యాల్సి వస్తోంది. ఒకటే టెన్షన్. ఈ చదువు నావల్ల అవుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అన్నయ్య రెండు చదువుల్ని కలిపేశాడమ్మా. మాట్లాడే ఇంగ్లిష్ వేరు, ఎంఏలో చదివేది వేరు. గడగడా మాట్లాడే పిల్లలు కూడా పద్యం ఇచ్చి ఒక పేజీ రాయమంటే పెన్ను కొరుక్కుంటూ కూర్చునేవారు. అమలాపురంలో పాఠాలు చెప్పినన్నాళ్లూ చూశాను. డిక్షనరీ సంగతంటావా, నేనిప్పటికీ తీస్తాను. అసలు కష్టం మాటకి అర్థం దొరికాక మొదలవుతుంది.

నా సంగతే చెబుతా విను. ఎంఏలో మాకు గోల్డ్‌స్మిత్ నవల ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఉండేది, 1766 నాటిది. వికార్ అంటే చర్చి ఫాదర్ అని గైడులో ఉంది. బట్టీ పట్టేశాను. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఒక పెద్దాయన నింపాదిగా అడిగారు: "మీ ఊళ్లో ఆర్‌సీఎం చర్చి, అదే పోప్ కింద ఉండే రోమన్ కాథలిక్కుల చర్చి, ఉందా అమ్మా?" ఉందండి. "అక్కడ ఫాదర్‌గారికి పెళ్లయిందా?" లేదండి. "మరి ఈ వికార్‌గారికి భార్యా, ఆరుగురు పిల్లలూ ఎక్కణ్ణుంచి వచ్చారు?"

నోరు పెగల్లేదు. నవల మొత్తం ఆయన సంసారం గొడవే, నాకా అనుమానమే రాలేదు! పదహారో శతాబ్దంలో ఇంగ్లండు పోప్‌తో తెగతెంపులు చేసుకుందనీ, ఆ తర్వాత అక్కడి చర్చిలో పాదిరీలు పెళ్లిళ్లు చేసుకోవచ్చనీ తెలియకుండా ఆ పుస్తకంలో ఏం చదివినట్టు? సిలబస్‌లో ‘సంస్కృతి’ అని రాసేది ఇలాంటివాటి గురించే.

ఈ నవల చూసే కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1878లో ‘రాజశేఖర చరిత్రము’ మొదలుపెట్టారు. కథ మన ధవళేశ్వరంలోనే. గోల్డ్‌స్మిత్ నవలలో వికార్‌గారి డబ్బు పెట్టుకున్న వర్తకుడు ముంచేసి పారిపోతాడు. పంతులుగారి నవలలో రాజశేఖరుడి ఆస్తిని కొంత చుట్టూ చేరి పొగిడేవాళ్లు తింటారు, మిగిలింది బంగారం చేసిపెడతానన్న బైరాగి పట్టుకుపోతాడు. ఇంగ్లండు వర్తకుడు గోదావరి ఒడ్డుకొచ్చేసరికి బైరాగి ఎందుకయ్యాడు? పంతులుగారికి ఎవరిమీద కోపం? దీనిమీద ఇరవై పేజీలు రాయొచ్చు. లండన్‌లో చదివే పిల్లకి ఈ రెండు పుస్తకాలూ ఒళ్లో పెట్టుకునే వీలు లేదు. తెలుగు మీడియం పిల్లవి కాబట్టి నీకుంది.

ఇంకొకటి. ఇంగ్లిష్ కవి షెల్లీ 1819లో పడమటి గాలి మీద పద్యం రాశాడు. పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక ముమ్మిడివరం కుర్రాడు లేచాడు. "పడమటి గాలికి దణ్ణం పెట్టడవేంటండీ? మేలో ఆ గాలి కొడితే మా తాత తలుపులేసుకుని తడి తువ్వాలు కప్పుకుంటాడు" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వాడన్నది నిజమే కదా, మనకి చల్లగాలి సముద్రం మీంచి రావాలి, పడమటిది వడగాలి. షెల్లీది ఆకురాలే కాలపు గాలి, వాన తెస్తుంది, ఎండుటాకుల్నీ విత్తనాల్నీ చెదరగొడుతుంది. ఆ రోజు నోట్సు పక్కన పడేసి వాళ్ల తాతగారి దగ్గర్నుంచే పాఠం మొదలుపెట్టాను.

ఇక నాన్నగారి మాట. ఆయనది బతుకుతెరువు బెంగ, కొట్టిపారెయ్యకు. బీఈడీ ఎంఏ తర్వాతైనా చెయ్యొచ్చు, ఆ మాట ఆయనకి నెమ్మదిగా చెప్పు. దగ్గరలో రాజమండ్రి నన్నయ యూనివర్సిటీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. దూరమైనా పంపిస్తామంటే హైదరాబాద్ ఇఫ్లూకి, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీకి కూడా రాయి. డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అవ్వాలనుంటే మామూలుగా నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష గానీ, రాష్ట్రం పెట్టే సెట్ గానీ రాస్తారు. నెట్‌లో మూడు గంటల్లో 150 ప్రశ్నలు, అందులో వంద సబ్జెక్టువి. ఆ భయం ఇప్పుడే వద్దు. సీటొచ్చేలోగా ఆ రెండు నవలలూ చదువు. తెలుగుది ముందు.

ప్రశ్న: మేడమ్, గైడ్లు చదివితే ఎంఏ ఇంగ్లిష్ పాసవుతామా?
– ఒక విద్యార్థి, తణుకు

జవాబు: అవుతావు నాయనా. నేనూ అయ్యాను. ఆ వైవా సంగతి పైన రాశాను, చూడు.