పనివాళ్ళ నిగ్రహాన్ని ప్రశ్నపత్రంతో కొలవొచ్చా? ఆకివీడు చెరువుల మీద నేను చూసింది

నిగ్రహం ఉన్నవాళ్ళు పని బాగా చేస్తారా, ముందే పరీక్ష పెట్టి అలాంటివాళ్ళని ఎంచుకోవచ్చా అని అడిగారు. మొదటిదానికి అవునంటాను. రెండోది, కాగితం మీద పరీక్షయితే దండగ. ఆకివీడు దగ్గర వనామీ రొయ్యల చెరువులు చేస్తూ రోజూ చూస్తున్నదే చెబుతున్నాను.

ఓసారి మా కాపలా కుర్రాళ్ళ చేత ఒక మేత కంపెనీవాళ్ళు ఫారం నింపించారు. 2004లో టాంగ్నీ, బౌమైస్టర్, బూన్ అనే మనస్తత్వ పరిశోధకులు నిగ్రహాన్ని కొలవడానికి తయారుచేసిన 13 ప్రశ్నల కొలమానం. చెడు అలవాట్లు మానుకోగలరా, పని మీద మనసు నిలుస్తుందా లాంటివాటికి 1 నుంచి 5 దాకా ఎవరికి వారే మార్కు వేసుకోవాలి. ఉద్యోగం ఎక్కడ పోతుందోనని టెన్షన్ కదా, అందరూ మంచి మార్కులే వేసుకున్నారు. ఒక్కడు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పి అందరికంటే కింద నిలిచాడు.

ఆ వారమే ముసురు పట్టింది. సాయంత్రం వాడు చెక్ ట్రే, అంటే రొయ్య మేత తింటోందో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే పళ్ళెం, పైకి లాగితే మేత వేసింది వేసినట్టే ఉంది. వేళ్ళతో నలిపి చూసి, "రొయ్య తినట్లేదండి, రాత్రి మేత ఆపేద్దామండి" అన్నాడు. టెక్నీషియన్ చార్టు ప్రకారం వేయాల్సిందే అన్నా వాడు బస్తా విప్పలేదు. తినని మేత అడుగున కుళ్ళితే ఆక్సిజన్ లాగేస్తుంది. మబ్బు రోజుల్లో అది అసలే తక్కువ, తెల్లవారుజామున మరీ పడిపోతుంది. రాత్రి కరెంటు పోయింది. వాడు జనరేటర్ వేసి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతూ గట్టు మీదే కూర్చున్నాడు. తెల్లారేసరికి పక్క చెరువులో రొయ్యలు తేలిపోయాయి, మాది నిలబడింది. ఫారంలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడు ఆ రాత్రంతా షెడ్డులో ఫోన్ చూస్తూ ఉన్నాడు.

ప్రశ్నపత్రాల ఫలితాలకీ, స్ట్రూప్ (ఒక రంగు పేరుని వేరే రంగులో చూపించి, కనిపించే రంగేదో చెప్పమనేది) లాంటి కంప్యూటర్ పరీక్షల ఫలితాలకీ పొంతన చాలా తక్కువని పరిశోధకులకే తేలింది. 2012లో డి రిడ్డర్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నిగ్రహం ప్రభావం అప్పటికప్పుడు బిగబట్టుకుని చేసేవాటికంటే అలవాటుగా జరిగిపోయేవాటిలోనే ఎక్కువ కనిపించింది. మావాడు ట్రే లాగడం అలాంటిదే, ఎవరూ చెప్పక్కర్లేదు.

నా బాధ ఇంకోటి ఉంది. పట్టుబడి రోజు వల లాగాక కౌంట్ రేటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క మీద ఇచ్చే ధర, కోసేస్తారు వ్యాపారులు. ఆ నష్టం పూడ్చుకోవడానికి రైతులు ఇద్దరి పని ఒకడికే అప్పజెబుతారు. రాత్రంతా కాపలా కాసి, పగలు మేత బస్తాలు మోసి, సాయంత్రం విసుక్కుంటే వాడికి నిగ్రహం లేదంటారు. నిద్రలేని మనిషిని ఏ కొలమానంతో కొలుస్తారండీ?

మనిషిని ఎంచుకోవాలంటే కొన్నాళ్ళు పని ఇచ్చి, మీరు గట్టు మీద లేనప్పుడు ట్రే లాగుతున్నాడో లేదో కనుక్కోండి. రాత్రి కాపలాకి మాత్రం ఇద్దర్ని పెట్టండి.