వెయ్యినూటపదహార్లు ఎలా రాస్తారు?

చి. చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఆదివారం ఫోనులో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఐదో తరగతి పిల్లలు పెద్దమ్మా, నాలుగువేల ముప్పై రాయమంటే 400030 అని రాస్తున్నారు. కింది తరగతుల్లో ఏం చెప్పారో ఏమో" అన్నావు. కింది తరగతులవాళ్లని ఏమీ అనకు. ముప్పై రెండేళ్లు నేను చెప్పింది ఆ కింది తరగతులకే. ఏటా జూన్‌లో కొందరు అలా రాస్తూనే ఉండేవాళ్లు. సగం చెప్పేలోపే మీ పెదనాన్న మందుల టైమైందని ఫోను పెట్టేశాను కదా, మిగతాది రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

400030 రాసినవాడికి లెక్కలు రావని మాత్రం అనుకోకు. వాడు విన్నది విన్నట్టు రాశాడు. నాలుగువేలు అంటే 4000, ముప్పై అంటే 30, రెండూ పక్కపక్కన పెట్టేశాడు. అక్షరాలు అలాగే రాయమని కదా ఒకటో తరగతి నుంచీ చెబుతున్నాం, వినపడిన వరసలో. అంకెల దగ్గరికొచ్చేసరికి పద్ధతి మారిందని వాడికి ఎవరూ విడమర్చి చెప్పలేదు, అంతే.

నా ఉద్యోగం మొదటి ఏడు ఒక పిల్లాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి వెయ్యినూటపదహారు రాయమన్నాను. పెళ్లిళ్లలో చదివింపులు వింటూ పెరిగినవాడే, ధీమాగా వచ్చాడు. 1000 రాశాడు, పక్కన 100 రాశాడు, దాని పక్కన 16. మొత్తం 100010016. నాకు నవ్వాగలేదు. నేను నవ్వానని క్లాసంతా నవ్వింది. వాడు ఆ తర్వాత వారం రోజులు నోరు విప్పలేదు. ఆ తప్పు వాడిది కాదని నాకు అర్థమయ్యేసరికి చాలా కాలం పట్టింది. అందుకే నీకు ఇంత పెద్ద ఉత్తరం.

మన భాషే దీనికి ఒక దారి చూపిస్తుంది, గమనించావో లేదో. ఊరికే నూరు రూపాయలుంటే "వంద" అంటాం. దాని వెనక ఇంకేదైనా ఉంటే "నూట" అంటాం, నూట ఐదు, నూట పదహారు. "నాలుగువేలు" అంటే మాట అక్కడితో ఆగిపోయింది. "నాలుగువేల" అంటే ఇంకా ఏదో వస్తోంది. పిల్లల చెవికి ఈ తేడా ముందే తెలుసు, మనం గుర్తుచేస్తే చాలు. నేను ఇలా ఆడించేదాన్ని: నేను "ఐదువందలు" అంటే పిల్లలు 500 రాసి బలపం కింద పెట్టేయాలి. "ఐదువందల" అని ఆపితే బలపం గాల్లోనే ఉండాలి, సున్నాలు రాయకూడదు. పది నిమిషాల ఆట. రెండు వారాలు ఆడిస్తే వందలో తొంభై మంది పిల్లలు 50030 రాయడం మానేస్తారు. ఇది లెక్కపెట్టి చెప్పిన లెక్క కాదులే, ఉజ్జాయింపు!

ఇక చేతికి పని. పాత శుభలేఖలు పారేయకు. అట్ట గట్టిగా ఉంటుంది, వెనకవైపు ఖాళీగా ఉంటుంది. వాటిని చీటీలుగా కత్తిరించు. ఒకట్ల చీటీ ఒక వేలి వెడల్పు, పదులది రెండు వేళ్లు, వందలది మూడు, వేలది నాలుగు. ఒకట్ల చీటీల మీద 1 నుంచి 9, పదుల మీద 10, 20 నుంచి 90, అలాగే 100 నుంచి 900, 1000 నుంచి 9000. అంకెకి ఒక వేలు చోటు, ఖచ్చితంగా. 1000 చీటీ కింద పెట్టి, దాని మీద 100, ఆ మీద 10, ఆ మీద 6 పెట్టమను. అన్నీ కుడి అంచు కలిసేలా పెట్టాలి, ఇదొక్కటే షరతు. కళ్ల ముందు 1116 వస్తుంది. పైచీటీలు ఒక్కొక్కటీ తీస్తుంటే కింద దాక్కున్న సున్నాలు బయటపడతాయి. విస్తరణ రూపం (1000 + 100 + 10 + 6), సంక్షిప్త రూపం (1116) అని పుస్తకంలో ఉన్న రెండు పాఠాలూ ఆ తీయడం పెట్టడంలోనే అయిపోతాయి.

తర్వాత 4000 మీద 30 పెట్టమను. 4030. వందల స్థానంలో సున్నా అలాగే కనిపిస్తూ ఉంటుంది. "ఈ సున్నా ఎందుకు మిగిలిందిరా?" అని అడుగు. జవాబు నువ్వు చెప్పకు. నా క్లాసులో ఒక పిల్ల చాలాసేపు చూసి, "వందల చీటీ ఇవాళ బడికి రాలేదు టీచర్" అంది. అంతకన్నా బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. సున్నాకి విలువ లేదని మాత్రం ఎప్పుడూ అనకు. అంటే పిల్లలు నమ్ముతారు, నమ్మి దాన్ని వదిలేస్తారు.

పుల్లల కట్టలు, పూసల చట్రం సంగతి నీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. ఒక్కటే మాట, కట్టలు నువ్వు కట్టి ఇవ్వకు, వాళ్లనే కట్టనివ్వు. నోట్లతో చెప్పేటప్పుడు మొదట రూపాయి, పది, వంద మాత్రమే వాడు. ఇరవై, యాభై, ఐదొందలు కలిపితే స్థానాలు గల్లంతవుతాయి. వెయ్యి నోటు 2016లోనే రద్దయింది, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. దాన్ని వాళ్లచేతే గీయించు, ఎవరి బొమ్మ కావాలంటే వాళ్ల బొమ్మ వేసుకోనీ.

లక్ష దగ్గరే అసలు చిక్కు. ఐదు సున్నాలని అందరూ చెబుతారు, ఎంతో ఒక్కరికీ తెలియదు. నేను ఒక ఏడు బియ్యంతో చేశాను. పదిమంది పిల్లలు తలో వంద గింజలు లెక్కపెట్టారు, మొత్తం వెయ్యి. పొట్లం కట్టి, కంసాలి దగ్గర తూయించుకొచ్చాను. వెయ్యి గింజలు రకాన్ని బట్టి పది నుంచి ఇరవై గ్రాముల లోపు తూగుతాయి. అంటే లక్ష గింజలంటే ఒకటి రెండు కిలోలు. ఒకడు వెంటనే, "అయితే మా ఇంట్లో రోజూ లక్ష వండుతారు టీచర్!" అన్నాడు. మరి కోటో? వంద లక్షలు కాబట్టి ఒకటి రెండు క్వింటాళ్లు, పాతిక కిలోల బస్తాలైతే నాలుగు నుంచి ఎనిమిది. లక్షకీ కోటికీ మధ్య ఎంత దూరమో పిల్లలకి ఆ రోజు తెలిసింది. అంతవరకూ వాళ్లకి రెండూ "చాలా"నే.

పెద్ద సంఖ్యలు చదివించేటప్పుడు కుడి నుంచి కామాలు పెట్టించు, ముందు మూడు, ఆ తర్వాత రెండేసి. 2011 జనాభా లెక్కల్లో దేశ జనాభా 1,21,08,54,977. నోటితో చెప్పి రాయించి చూడు. నూట ఇరవై ఒక్క కోట్ల ఎనిమిది లక్షల యాభై నాలుగు వేల తొమ్మిదివందల డెబ్భై ఏడు. సగం మంది ఎనిమిది ముందు సున్నా మర్చిపోతారు. లక్షలకి రెండు గదులు, రెండూ నిండాలి అని కామా మధ్య వేలు పెట్టి చూపించు. అమెరికాలో ఉన్న మన మనవరాలికి ఈ కామాలు చూస్తే గందరగోళం, దానికి అన్నీ మూడేసి. దాని మిలియన్ మన పది లక్షలని చెప్పాను, సరిపోయింది.

ఒక పిల్ల నన్ను అడిగింది, "టీచర్, మా నాన్న ఫోన్ నంబర్ తొమ్మిది వందల కోట్లా?" అని. మంచి ప్రశ్న, నువ్వే క్లాసులో లేవనెత్తు. ఫోన్ నంబరు, పిన్ కోడు, బస్సు నంబరు ఇవన్నీ అంకెలతో రాసిన పేర్లు. వాటిలో స్థాన విలువ ఉండదు, వాటిని కూడరు, సవరించరు. ఏది సంఖ్య, ఏది పేరు అని పేపరు ముందు పెట్టి వేరు చేయించు.

సవరించడం, అదే మన రౌండాఫ్, సంఖ్యని దగ్గరి పదికో వందకో మార్చి చెప్పడం. దాన్ని నువ్వు "ఐదూ ఆపైన అంకె ఉంటే ముందుకి, లేకపోతే వెనక్కి" అనే సూత్రంతో మొదలుపెట్టావని ఫోనులో అన్నావు. నాకు నచ్చలేదు, చెప్పేస్తున్నాను. సూత్రం ముందొస్తే పిల్లలు అంకె చూస్తారు, సంఖ్యని చూడరు. బడి ఆవరణలో సుద్దతో గీత గియ్యి. ఈ చివర 340 అనే ఊరు, ఆ చివర 350 అనే ఊరు, మధ్యలో తొమ్మిది గీతలు. ఒకణ్ణి 347 మీద నిలబెట్టు. వాన వస్తోంది, ఏ ఊరికి పరిగెడతావు? సూత్రం ఏదీ లేకుండానే 350కి పరిగెడతాడు. అందరూ పరిగెట్టాక 345 మీద ఒకణ్ణి నిలబెట్టి వదిలెయ్యి. మా బడిలో ఒక పీరియడంతా గొడవ జరిగింది. ఏ ఊళ్లో అన్నం వండి ఉంటే అక్కడికి అన్నాడొకడు. చివరికి నేను చెప్పాను, సరిగ్గా మధ్యలో ఉంటే ముందున్న ఊరికి, అంటే 350కి, పోదామని అందరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు ఇది, దూరంలో తేడా ఏమీ లేదు అని.

ఇంకొకటి. 342ని దగ్గరి పదికి సవరించమంటే కొందరు 330 రాస్తారు. "రెండు కాబట్టి తగ్గించాలి" అని మనమే చెప్పాం, వాళ్లు పదుల అంకెలో ఒకటి తగ్గించారు. అప్పటినుంచి నేను పెంచడం, తగ్గించడం అనే మాటలే మానేశాను. వెనక ఊరు, ముందు ఊరు. ముందు ఆ రెండు ఊళ్ల పేర్లూ రాయించు. 4,672ని వందలకి సవరించాలంటే అటు 4,600, ఇటు 4,700 రాశాకే జవాబు. 700 అనీ 47 అనీ రాసే తప్పులు దీంతోనే పోతాయి. 9,996ని పదులకి సవరించమన్నా భయపడరు, అటు 9,990, ఇటు 10,000, అంతే కదా.

3,449ని దగ్గరి వేయికి సవరించమను, తెలివైనవాళ్లే బోల్తా పడతారు. 3,450, ఆ తర్వాత 3,500, ఆ తర్వాత 4,000 అని మెట్లెక్కుతారు. 3,000కి 449 దూరం, 4,000కి 551 దూరం. ఒక్కసారే సవరించాలి, సవరించినదాన్ని మళ్లీ సవరించకూడదు.

తిప్పి అడగడం మర్చిపోకు. "నన్ను వందలకి సవరిస్తే 4,700 అవుతాను, నేనెవరిని?" 4,650 నుంచి 4,749 దాకా ఎవరైనా కావచ్చు. అందరికన్నా చిన్నవాడెవరు, పెద్దవాడెవరు అని అడుగు. పుస్తకంలో పది లెక్కలు చేయించడం కన్నా ఈ ఒక్కటి మేలు.

ఎందుకు సవరిస్తామో కూడా పిల్లలకి తెలియాలి. 398 ఇంటూ 21 చేసేముందు 400 ఇరవైలు ఎనిమిది వేలు అని నోటితో అనుకుంటే, జవాబు 835 వచ్చినప్పుడు ఎక్కడో పొరపాటు జరిగిందని వాడికే తెలుస్తుంది. అసలు జవాబు 8,358. అంచనా ముందు వేయాలి, జవాబొచ్చాక దాన్ని చూసి వేస్తే అది అంచనా కాదు.

ఎక్కడ సవరించకూడదో చెప్పడానికి మనకి గోదావరి ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరదల రోజుల్లో పిల్లలు ఇంట్లో వింటూనే ఉంటారు. ఈ మూడింటినీ దగ్గరి పదికి సవరించమను. 40, 50, 50 వస్తాయి. రెండో హెచ్చరికా మూడో హెచ్చరికా ఒకటైపోయాయి! ఎవరూ చెప్పకుండానే క్లాసు గొల్లుమంటుంది. మరి పేపరువాళ్లు ధవళేశ్వరం దగ్గర ఇన్ని లక్షల క్యూసెక్కులు అని ఒక్క ముక్కలో రాస్తారు కదా, అది తప్పా అని అడుగుతారు. తప్పు కాదు, ఎంత నీరు పోతోందో ఊహకి అందడానికి అది చాలు. గేట్లు ఎత్తేవాళ్లకి చాలదు. నీ సంగతే చెప్పు. 2025 మెగా డీఎస్సీలో టీచరు పోస్టులు 16,347. జనం పదహారు వేల పోస్టులన్నారు. ఆ చివరి 347లో నీది ఒకటైతే?

రోజూ ప్రార్థన అయ్యాక ఐదు నిమిషాల ఆట ఒకటి పెట్టుకో. 0 నుంచి 9 దాకా చీటీలు డబ్బాలో వెయ్యి. ప్రతి పిల్లా పలక మీద ఐదు గళ్లు గీసుకోవాలి. నువ్వు ఒక్కో చీటీ తీసి చదువుతావు, వాళ్లు ఏదో ఒక గడిలో రాసుకోవాలి, రాశాక మార్చకూడదు. చివరికి ఎవరి సంఖ్య పెద్దదైతే వాళ్లది గెలుపు. మొదటి రోజు 9 వస్తే ఎక్కడపడితే అక్కడ రాస్తారు. వారం తిరిగేసరికి పదివేల గడిని ఖాళీగా ఉంచుకుని 9 కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

శుభలేఖలు ఒక సంచీ నిండా దాచి ఉంచాను, మన ఇంటివే నలభైకి పైగా ఉన్నాయి. దసరాకి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. కత్తెర మాత్రం నీది తెచ్చుకో, నాది మొండిది.

ఇట్లు,
పెద్దమ్మ