ప్రభుత్వ సాయాన్ని నమ్ముకుని కౌలు పెంచవచ్చా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నా, ఎకరాకు పుట్టి ధాన్యం ఇస్తున్నా. పక్క ఊళ్లో ముప్పై ఎకరాలు చేసే ఆయన ఒకటిన్నర పుట్టి ఇస్తానని వచ్చాడు. 'ప్రభుత్వం మీకు 20,000 ఇస్తుంది కదా, నువ్వూ అంతే ఇవ్వు' అంటున్నాడు ఆసామి. కౌలు కార్డుకు మాత్రం సంతకం పెట్టడం లేదు. ఏం చేయమంటారు సార్?

జవాబు: తొందరపడి ఒప్పుకోకండి. ముందు లెక్క చూద్దాం. మన నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, 2025-26లో ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు కాబట్టి పుట్టి 20,300 చిల్లర. అర పుట్టి పెంచితే ఎకరాకు పది వేలు, నాలుగెకరాలకు నలభై వేలు దాటుతుంది. అన్నదాత సుఖీభవ కింద వచ్చే 20,000 ఏడాదికి కుటుంబానికి, ఎకరాకు కాదు. ఇది మీ ఆసామికి తెలియదో, తెలిసీ అలా అంటున్నాడో గానీ, వచ్చే సాయం మొత్తం ఆయనకే ఇచ్చినా ఇంకో ఇరవై వేలు మీ జేబులోంచే పోతుంది. పైగా ఆ సాయం రావాలన్నా కార్డు కావాలి, ఆయన సంతకం పెట్టనంటున్నది దానికే!

ముప్పై ఎకరాల ఆయనతో కౌలులో పోటీ పడకండి. అంత భూమి చేసేవాడికి ట్రాక్టరు ఖర్చు అన్ని ఎకరాల మీదా పంచుకుపోతుంది, మీకు బాడుగ కట్టాలి. ఎకరాకు మూడు పుట్లు పండి, అందులో సగం కౌలుకే పోతే, మిగిలింది పెట్టుబడికి సరిపోతే గొప్ప.

సంతకం సంగతికొస్తే, ఆసాములకు ఉండే భయమల్లా భూమి ఎక్కడ పోతుందోనని. కౌలు కార్డు అంటే 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రమే, అది 11 నెలలకే, అది పంట మీద హక్కే గానీ భూమి మీద కాదు. మీరు చెబితే వినకపోవచ్చు, వీఆర్‌ఓ గారినో, రైతు సేవా కేంద్రం వాళ్లనో వెంటబెట్టుకెళ్లి చెప్పించండి. ఆ సర్వే నెంబరు మీద ఆయన పంట రుణం తీసుకున్నాడేమో కూడా అడగండి, చాలామంది దాచేది అదే. అలా ఉంటే అదే భూమి మీద మీకు బ్యాంకు రుణం రావడం కష్టం. అప్పుడు మీలాంటి వాళ్లు నలుగురి నుంచి పదిమంది వరకు కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపుగా, అంటే అప్పుకు అందరూ కలిసి బాధ్యత తీసుకునే బృందంగా అడగొచ్చు. ఈ-పంటలో, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే నమోదులో మాత్రం మీ పేరే ఉండేలా చూసుకోండి, లేకపోతే కొనుగోలు కేంద్రంలో ధాన్యం డబ్బులు ఎవరి ఖాతాలో పడతాయో చెప్పక్కర్లేదు.

బేరం ఆడాలంటే కౌలు పెంచకుండా వేరే దారి చూడండి. కొంత ముందే ఇస్తాననండి, తుఫానుకు పంట పోతే కౌలు తగ్గించాలని కాగితం మీద రాయించుకోండి. ఖర్చు తగ్గాలంటే డ్రమ్ సీడర్‌తో నేరుగా విత్తితే నారు, నాట్ల కూలీ రెండూ మిగులుతాయి, కాకపోతే విత్తిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు కలుపు మందు పడాలి, ఆలస్యమైతే మిగిలిందంతా కలుపు తీతకే పోతుంది. నీళ్లు ఆలస్యమైతే తక్కువ కాలపు నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449) చూడండి.

ఇంకో మాట, మీ వైపు రొయ్యల గుంటలు ఎక్కువ. పొలం పక్కనే గుంట ఉంటే మట్టి పరీక్ష చేయించాకే కౌలు మాట్లాడండి. అందులో ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటితే అది పాల చౌడు, ఆ పొలానికి పుట్టి కూడా ఎక్కువే.