మోటారు తిరగగానే రిమోట్ ఐఓ మూగబోతోంది

ప్రశ్న: పీఎల్‌సీకి (యంత్రాలను నడిపే కంట్రోలరుకు) 300 మీటర్ల దూరంలో ఉన్న నాలుగు రిమోట్ ఐఓ మాడ్యూళ్లను (సెన్సర్లు, వాల్వుల తీగలు కలిపే పెట్టెలను) ఆర్ఎస్-485 అనే సీరియల్ తీగతో, మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే సందేశ పద్ధతిలో కలిపాం. పెద్ద మోటారు ఆన్ చేసినప్పుడల్లా టైమవుట్ వస్తోంది, అంటే గడువులోగా మాడ్యూల్ నుంచి జవాబు రావట్లేదు. ఈథర్‌నెట్‌కు మారాలా?

జవాబు: అప్పుడే వద్దు. తక్కువ వేగంలో ఆర్ఎస్-485 సుమారు 1200 మీటర్ల వరకు పోతుంది. రాగి తీగ ఈథర్‌నెట్ 100 మీటర్లకే ఆగుతుంది, ఆపైన ఫైబర్ గానీ, మధ్యలో నెట్‌వర్క్ స్విచ్చులు గానీ కావాలి.

ముందు అన్నిటికీ కరెంటు ఆపి, పీఎల్‌సీ చివర ఎ, బి అనే రెండు సిగ్నల్ తీగల మధ్య మల్టీమీటరుతో ఓమ్‌లు కొలవండి. రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేషన్ రెసిస్టరు (సిగ్నల్ తీగ చివర తగిలి వెనక్కి రాకుండా ఆపేది) ఉంటే 60 రావాలి. మీ తీగ పొడవుకు ఇంకో పది వరకు పెరగవచ్చు. 120 దగ్గర చూపిస్తే ఒక చివర రెసిస్టరు లేనట్టే. 40 దగ్గర ఉంటే మధ్య మాడ్యూల్లో ఎవరో టెర్మినేషన్ స్విచ్ వేసి వదిలేశారు. నేను చూసిన కేసుల్లో ఎక్కువ ఇక్కడే తేలిపోయాయి.

అది సరిగా ఉంటే తీగ దారి చూడండి. మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో పోతుంటే విడదీయండి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి. షీల్డును (తీగల చుట్టూ ఉండే లోహపు పొరను) ఒక చివరే ఎర్త్ చేయండి. ఎ, బి కాక మూడోదైన కామన్ తీగను అన్ని మాడ్యూళ్లకూ కలపండి. చాలామంది రెండు తీగలు చాలనుకుని దీన్ని వదిలేస్తారు. మాడ్యూళ్లు ఒకదాని తర్వాత ఒకటిగా ఉండాలి, కొమ్మలుగా చీలకూడదు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. టైమవుట్ వచ్చిన క్షణంలో మాడ్యూల్ అవుట్‌పుట్లు ఏం చేస్తున్నాయి? కొన్ని మాడ్యూళ్లు చివరి ఆదేశాన్నే పట్టుకుని ఉంటాయి. అంటే పీఎల్‌సీతో సంబంధం తెగినా వాల్వు తెరిచే ఉంటుంది, పంపు తిరుగుతూనే ఉంటుంది. మాడ్యూల్‌లో వాచ్‌డాగ్ సమయం (ఇంతసేపు సందేశం రాకపోతే సంబంధం తెగిందనుకునే గడువు), అప్పుడు అవుట్‌పుట్లు వెళ్లాల్సిన సురక్షిత స్థితి సెట్ చేసి, యంత్రం దగ్గర ఎవరూ లేనప్పుడు తీగ పీకి స్వయంగా చూడండి. ఎమర్జెన్సీ స్టాప్‌ను మాత్రం ఈ దారిలో ఎప్పుడూ పంపకండి. దానికి నేరు తీగ గానీ, సేఫ్టీ రేటింగ్ ఉన్న వ్యవస్థ గానీ ఉండాలి.

ప్రశ్న: మాన్యువల్‌లో 40001 అని ఉన్న మోడ్‌బస్ రిజిస్టరును (మాడ్యూల్‌లో ఒక విలువ ఉండే గడిని) చదివితే పక్కదాని విలువ వస్తోంది. ఎందుకు?

జవాబు: తీగ మీద లెక్క సున్నాతో మొదలవుతుంది. 40001 అంటే హోల్డింగ్ రిజిస్టర్లలో (చదవడానికీ రాయడానికీ వీలున్నవాటిలో) మొదటిది, పంపాల్సిన అడ్రసు 0. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒకటి వాటంతటవే తీసేస్తాయి, కొన్ని తీయవు. మీరు 1 పంపుతున్నట్టున్నారు, 0 ఇచ్చి చూడండి.