దేవుడి గుర్తును పచ్చబొట్టుగా వేయించుకోవచ్చా?

మీరు నిత్యం శివపూజ చేసుకుంటారని, ముంజేతిపై త్రిశూలాన్నీ దాని కింద పంచాక్షరినీ పచ్చబొట్టుగా వేయించుకోవాలని ఉందని, ఇంట్లో పెద్దలు మాత్రం అది శాస్త్రవిరుద్ధమని అడ్డు చెబుతున్నారని రాశారు. నిజంగా నిషేధం ఉందా, లేకపోతే ఆ పచ్చబొట్టు సాధనకు తోడ్పడుతుందా అన్నది మీ ప్రశ్న. నిషేధం లేదు. సాధనకు తోడ్పడడం మాత్రం, నా అనుభవంలో, చాలా అరుదు. ఈ రెండో మాట ఎందుకు అంటున్నానో కొంత వివరంగా చెప్పాలి.

మా నాయనమ్మ ముంజేతిపై తులసికోట పచ్చబొట్టు ఉండేది. నాలుగు గీతలతో కోట, దానిపైన మూడు రెమ్మలు, ప్రతి రెమ్మ చివరా ఒక చుక్క. వయసు మీదపడి చర్మం ముడతలు పడ్డాక ఆ కోట ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించేది. పెళ్లికి ముందు ఊళ్లోకి వచ్చిన ఎరుకల ఆవిడ అరుగు మీద కూర్చోబెట్టి, దీపపు మసిని ఆకుపసరులో కలిపి, కట్టగా కట్టిన సూదులతో పొడిచి, పైన పసుపు అద్దిందని చెప్పేది. పోయేనాడు ఒంటిమీది బంగారమంతా ఒలుచుకుంటారు గానీ దీన్ని మాత్రం ఎవరూ తీసుకోలేరని ఆమె నమ్మకం. ఆ తరం ఆడవాళ్లలో చాలామంది నోట ఈ మాట వినేవాళ్లం. ఆ చేత్తోనే ఆమె నోములు నోచింది, వ్రతాలు చేసింది, తిరుమల కొండెక్కింది. ఆ చేతిని చూసి సంకల్పం చెప్పనన్న పురోహితుడు లేడు. పాత నిబంధనలోని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఒంటిపై గుర్తులు పొడిపించుకోవద్దని స్పష్టమైన ఆజ్ఞ కనిపిస్తుంది. హిందువులందరికీ వర్తించే అటువంటి ఆజ్ఞ ఒకటి మనకు లేదు. మన దగ్గర ఉన్నవి సంప్రదాయాలు, అవి ఒకదానితో ఒకటి ఏకీభవించవు.

ఏకీభవించకపోవడానికి నాకు బాగా దగ్గరి ఉదాహరణ తప్తముద్ర, అంటే కాల్చిన ముద్రను ఒంటికి తాకించడం. మాది శ్రీవైష్ణవ కుటుంబం. సమాశ్రయణంలో, అంటే ఆచార్యుల దగ్గర తీసుకునే వైష్ణవ దీక్షలో, భాగంగా నాకూ శంఖచక్ర ముద్రలు పడ్డాయి. తాపం, పుండ్రం, నామం, మంత్రం, యాగం అనే పంచ సంస్కారాల్లో ఇది మొదటిది. హోమం జరుగుతుండగా, పొడవైన పిడి ఉన్న రెండు చిన్న లోహపు ముద్రలను ఆ అగ్నిలోనే కాల్చి, ఆచార్యులు చక్రాన్ని కుడి భుజానికి, శంఖాన్ని ఎడమ భుజానికి తాకించారు. రెప్పపాటు చురుక్కుమనడం, వెనువెంటనే చర్మం మంట పుట్టడం ఇప్పటికీ గుర్తుంది. ఆ తరువాత పన్నెండు ఊర్ధ్వపుండ్రాలు, అంటే నిలువు నామాలు, పెట్టుకునే పద్ధతి చూపించారు, దాస్యనామం ఇచ్చారు, చెవిలో మంత్రం చెప్పారు, నిత్యారాధన ఎలా చేసుకోవాలో నేర్పారు. చక్రాంకితులని మమ్మల్ని పిలిచేది ఆ ముద్రల వల్లనే.

ఈ ఆచారానికి ఋగ్వేదం తొమ్మిదో మండలం 83వ సూక్తంలో ఉన్న, తపించని దేహం గలవాడు దాన్ని పొందలేడనే అర్థం వచ్చే మంత్రాన్ని వైష్ణవ పండితులు ప్రమాణంగా చూపుతారు. అక్కడి తపన అగ్నితో కాల్చుకోవడం గురించి చెప్పింది కాదని, తపస్సు గురించి చెప్పిందని స్మార్త పండితులు ఖండించారు. ఈ వాదం శతాబ్దాల తరబడి నడిచింది. మధ్వాచార్యుల సంప్రదాయానికి చెందిన మాధ్వులు ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు, అంటే మన తొలి ఏకాదశినాడు, మఠాల్లో వరుసలో నిలబడి ఏటా తప్తముద్రలు వేయించుకుంటారు, మంత్రాలయంలోనూ ఆ రోజు ఈ కార్యక్రమం జరుగుతుంది. ఇక తిరుమల శ్రీవారిని అర్చించే వైఖానసులు ఈ ముద్రలు అసలు వేయించుకోరు. గర్భంలో ఉండగా జరిగే విష్ణుబలి సంస్కారంతోనే తాము వైష్ణవులమయ్యామని, పుట్టిన తరువాత మళ్లీ ముద్ర అవసరం లేదని వారి నిశ్చయం. ఒకే విష్ణువును కొలిచేవారిలోనే ఒకరికి ఒక్కసారి, ఒకరికి ఏటా, ఒకరికి అక్కర్లేదు. కనుక మీ ఇంట్లోవారు శాస్త్రమని అన్నప్పుడు ఏ సంప్రదాయపు శాస్త్రమో అడగడం మర్యాద తప్పడం కాదు.

నా భుజాల మీది ముద్రలు ఇప్పుడు దాదాపు కనిపించవు. నాతోపాటు ఆ రోజు వేయించుకున్న బంధువులకూ అంతే. మళ్లీ వేయించుకోవాలా అని అడిగితే, నిత్యకర్మ మానకుండా చేసుకోండి చాలునని ఆచార్యులు చెప్పారు. ఆనాడు ఒప్పుకున్న నియమాలు, ఇచ్చిన మంత్రం, ఆచార్యసంబంధం నన్ను ఇప్పటికీ పట్టి ఉంచుతున్నాయి. ముద్ర ఆ సంబంధానికి తెరిచిన వాకిలి మాత్రమే. దుకాణంలో యంత్రంతో వేసే పచ్చబొట్టు దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. రంగు జీవితాంతం ఉంటుంది, దాని వెనుక నియమమూ గురువూ ఉండరు. అందువల్ల అది తప్పని నేను అనను. అది భక్తిలోని ఇష్టాన్ని చూపుతుంది, ఇష్టమూ విలువైనదే. ఉపాసనకు దాన్ని ప్రత్యామ్నాయంగా లెక్కపెట్టుకుంటేనే చిక్కు.

మన చిహ్నాల్లో చాలావాటిని గమనించండి. విభూతి, నామం, గంధం, కుంకుమ స్నానంతో పోతాయి, మళ్లీ స్నానం చేసి మంత్రంతో ధరిస్తాం. అయ్యప్ప మాలను దీక్షతో వేసుకుని, యాత్ర ముగిశాక మాల విరమణ చేస్తారు. వ్రతకంకణం కట్టుకున్నట్టే విప్పడానికీ ఒక పద్ధతి ఉంది. ఈ పెట్టుకోవడం, తీయడం, మళ్లీ పెట్టుకోవడంలోనే రోజువారీ స్మరణ ఉంది. పొద్దున్నే చేతిలో విభూతి తీసుకుని నీటితో తడిపి మూడు వేళ్లతో నుదుట రాసుకునే ఆ కొద్ది క్షణాలు మనసు శివుడి మీద నిలవక తప్పదు. చేతిమీద శాశ్వతంగా ఉన్న బొమ్మ కొన్ని నెలలకు పుట్టుమచ్చలా అలవాటైపోతుంది, ఎదుటివారు అడిగితే తప్ప గుర్తురాదు. మా నాయనమ్మకు చేతిమీద తులసికోట ఉన్నా ప్రతి ఉదయం పెరట్లోని తులసికే నీళ్లు పోసేది. చేతిమీది కోటకు దండం పెట్టుకోగా నేను ఎన్నడూ చూడలేదు.

దీనికి గొప్ప మినహాయింపు ఒకటి ఉంది, దాన్ని చెప్పకపోతే అన్యాయం. ఛత్తీస్‌గఢ్‌లో మహానది పరిసర గ్రామాల్లో ఉండే రామనామీలకు పచ్చబొట్టే ఉపాసన. 1890ల్లో, అంటరానివారని గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన పరశురాం అనే భక్తుడు నుదుట రామనామం పొడిపించుకోవడంతో ఆ సమాజం మొదలైంది. నుదురు, చేతులు, ఛాతీ, కొందరికి ఒళ్లంతా, కనురెప్పలు సహా, దేవనాగరిలో రామ రామ అని ఉంటుంది. వారు విగ్రహాన్ని పూజించరు, వారి రాముడు నిర్గుణుడు. రామనామం ముద్రించిన శాలువా కప్పుకుని, నెమలీకల కిరీటం పెట్టుకుని, గజ్జెలు తాటిస్తూ భజన చేస్తారు. మద్యమాంసాలు ముట్టరు. గుడిలోకి రానివ్వని దేవుణ్ణి ఒంటిమీదికే తెచ్చుకున్న ఆ మనుషుల ముందు, పచ్చబొట్టుకు ఆధ్యాత్మిక విలువ లేదనే మాట నా నోట రాదు. కానీ అక్కడ కూడా పచ్చబొట్టు ఒంటరిగా లేదు. దాని చుట్టూ సమాజం, నియమం, నిత్య నామజపం ఉన్నాయి. ఉద్యోగాల కోసం పట్టణాలకు వెళ్లే నేటి యువతరంలో ఒళ్లంతా పొడిపించుకునేవారు తగ్గిపోతున్నారు, అయినా వారు రామనామీలుగానే ఉన్నారు.

మీ పెద్దల మరో అభ్యంతరం అశౌచం గురించి అయి ఉండవచ్చు. మరుగుదొడ్డికి వెళ్లినప్పుడు, మైలలో, భోజనంలో దేవుడి గుర్తు ఒంటిమీదే ఉంటుంది కదా అంటారు. పూజ మొదట్లో మనమంతా చెప్పుకునే శ్లోకమే దీనికి జవాబు. అపవిత్రుడైనా పవిత్రుడైనా, ఏ స్థితిలో ఉన్నా, పుండరీకాక్షుణ్ణి స్మరించినవాడు లోపలా బయటా శుచి అని అందులో ఉంది. నామానికి మైల అంటదు. అయితే ఎక్కడ వేయించుకుంటారన్నది వేరే సంగతి, ఇందులో నేను పెద్దల పక్షమే. మనం కాలు తగిలితే పుస్తకానికి కూడా దండం పెట్టుకునేవాళ్లం. నడుము కింద దేవతారూపం చూస్తే మన జనానికి మనసు గాయపడుతుంది. 2015లో బెంగళూరులో ఒక ఆస్ట్రేలియా యువకుణ్ణి కాలిమీది ఎల్లమ్మ పచ్చబొట్టు చూసి కొందరు చుట్టుముట్టి బెదిరించారు. 2025లో భువనేశ్వర్‌లో ఒక విదేశీ మహిళ తొడపై జగన్నాథుణ్ణి వేయించుకుంటే పోలీసు కేసు దాకా వెళ్లింది. బెదిరింపులను నేను సమర్థించను. ఎల్లమ్మను కొలిచే లక్షలాది ఇళ్లలో తలమీద బోనమై నడిచే దేవత కాలిమీద ఉండడం చూసి కలిగే బాధ మాత్రం నిజమైనదే.

పంచాక్షరి విషయంలో నా అభిప్రాయం మరికొంత గట్టిది. అది రహస్యమేమీ కాదు, శ్రీరుద్రం మధ్యలో ఉన్నదే, శివాలయాల్లో బిగ్గరగానే చదువుతారు. రామానుజులు సైతం గోష్ఠీపురంలో గోపురమెక్కి అష్టాక్షరిని అందరికీ వినిపించారని మా సంప్రదాయం చెబుతుంది. కానీ అక్కడ కూడా మంత్రం నోటి నుంచి చెవికి చేరింది. మంత్రం జపించడానికి ఉంది. దాన్ని చేతిమీద రాయించుకుంటే అది చూసేవారి కోసం మారిపోతుందని నా భయం. అక్షరదోషాలు కూడా తక్కువేమీ కాదు. మా ఎదురింటి అబ్బాయి చేతిమీద మృత్యుంజయ మంత్రంలో ఒక ఒత్తు పోయింది, దాన్ని దిద్దడానికి వీల్లేక పూర్తి చేతుల చొక్కాలే వేసుకుంటాడు.

కాబట్టి మీకు అంతగా మనసుంటే త్రిశూలం మాత్రం వేయించుకోండి, ముంజేయి తగిన చోటే. పంచాక్షరిని జపానికి ఉంచుకోండి. సైన్యంలో చేరే ఆలోచన ఉంటే అక్కడి నిబంధనలు ముందే చూసుకోండి, ఒంటిపై ఏ భాగంలో పచ్చబొట్టు ఉండవచ్చో వారు నిర్దేశించారు. వేయించుకున్న తరువాత 12 నెలల పాటు రక్తదానానికి అనర్హులవుతారు, కనుక మీరు దాత అయితే అదీ లెక్కలోకి తీసుకోండి. కొత్త సూది మీ కళ్ల ముందే విప్పించండి. ఎవరి దగ్గరైనా ఉపదేశం పొందాలని ఉంటే మాత్రం ముందు అది జరగనివ్వండి, పచ్చబొట్టు మాట ఆ గురువుగారినే అడగండి, ఆయన వద్దంటే మానేయండి.