హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న మేనకోడలికి

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

"స్మార్ట్‌ఫోన్ ఇంటికి పంపించేసి డబ్బా ఫోన్ కొనుక్కోమంటావా మామయ్యా?" అని మొన్న అడిగావు. ఫోన్‌లో చెప్పేంత చిన్న జవాబు కాదు కాబట్టి రాస్తున్నాను.

వద్దు బిడ్డా. డబ్బా ఫోన్ నీకు కుదరదు. నీ క్లాసులు యూట్యూబ్‌లో, మాక్ టెస్టులు యాప్‌లో, హాల్ టికెట్ వెబ్‌సైట్‌లో, మెస్ డబ్బులు ఫోన్‌పేలో ఉన్నాయి. ఇది తీసేస్తే వారం తిరక్కుండా పక్క మంచం అమ్మాయి ఫోన్ అడుగుతావు. కానీ అలా అడిగావంటేనే ఎంత విసిగిపోయావో అర్థమైంది. ఆ విసుగును ఊరికే పోనివ్వకూడదు.

ఉద్యోగమంతా గ్రంథాలయంలో గడిపినవాణ్ణి. పోటీ పరీక్షల పిల్లలను ఏళ్ల తరబడి చదువుగదిలో చూశాను. ఒకప్పుడు పొద్దున్నే గేటు తీసేసరికి పేపర్ల కోసం నిలబడి ఉండేవాళ్లు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ గది తీరే మారిపోయింది. అందరి ముందూ పుస్తకం తెరిచే ఉండేది, పేజీ మాత్రం తిరిగేది కాదు.

ఈ విషయంలో అందరూ రీల్స్‌నే తిడతారు. నాకు మాత్రం రీల్స్ చూసే పిల్లల గురించి అంత దిగులు లేదు. టైమ్ వేస్ట్ అవుతోందని వాళ్లకు తెలుసు. కాసేపటికి మనసు పీకుతుంది, ఫోన్ పక్కన పెడతారు. నా దిగులంతా చదువు పేరు చెప్పుకుని వచ్చే కాలక్షేపం గురించి. దానికి మనసు పీకదు. టెలిగ్రామ్ గ్రూపులో కటాఫ్ ఎంత ఉండొచ్చో లెక్కలు చూస్తుంటే చదువుతున్నట్టే ఉంటుంది. ర్యాంకు వచ్చినవాళ్ల ఇంటర్వ్యూలు వరసగా వింటుంటే మనమూ దారిలోనే ఉన్నట్టు ఉంటుంది. ఎవరో పెట్టిన పీడీఎఫ్ దించుకుంటే ఆ సబ్జెక్టు సగం అయిపోయినట్టు తృప్తి. నీ ఫోన్‌లో ఇప్పుడు ఎన్ని పీడీఎఫ్‌లు ఉన్నాయో, వాటిలో చివరి పేజీ దాకా చదివినవి ఏవో ఒకసారి కూర్చుని చూడు. నువ్వు చెప్పిన అలసట చాలావరకు అక్కడి నుంచే వస్తోందని నా నమ్మకం.

మన తెలంగాణ గ్రూప్-2 సంగతే తీసుకో. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో పరీక్ష జరిగింది. ఆ రెండేళ్లూ పిల్లలు ఎలా నలిగిపోయారో నేను దగ్గర నుంచి చూశాను. "వాయిదా అట", "కాదట", "కోర్టులో కేసు వేశారట" అని పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. వాటిలో ఏదో ఒకటి నిజమయ్యేది. అదే అసలు చిక్కు. అన్నీ అబద్ధాలే అయితే ఎవరైనా మానేస్తారు. వందలో ఒకటి నిజమైతే ఆ ఒక్కటి ఎక్కడ తప్పిపోతుందోనని మిగతా తొంభై తొమ్మిదీ చదువుతారు.

ఇది నీ బలహీనత అనుకోకు. అమెరికాలో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేశాడు. ముక్కుతో మీటను పొడిస్తే గింజ ఎప్పుడు పడుతుందో తెలియకుండా చేసినప్పుడు పావురాలు ఆగకుండా పొడుస్తూనే ఉండేవి. ఇప్పుడు మన చేతిలో ఉన్న యాప్‌లు ఆ పద్ధతిలోనే పనిచేస్తాయి. స్క్రీన్ కిందికి జరుపుతుంటే అంతం లేకుండా వచ్చే ఏర్పాటును 2006లో ఏజా రాస్కిన్ అనే ఇంజినీరు రూపొందించాడు. దాన్ని తయారుచేసినందుకు తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. పేజీ అయిపోతే మనిషి ఆగి ఆలోచిస్తాడు. ఆ ఆగే చోటునే వాళ్లు తీసేశారు. కాబట్టి "నాకు పట్టుదల లేదు" అని రాత్రిళ్లు నిన్ను నువ్వు తిట్టుకోవడం ముందు మానేయి. తిట్టుకున్న మనసు ఓదార్పు కోసం మళ్లీ ఆ ఫోన్ దగ్గరికే పోతుంది.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఒక పని మధ్యలో వదిలి ఇంకో దానికి మళ్లితే, మనసులో కొంత భాగం మొదటి దాని దగ్గరే చిక్కుకుపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. నువ్వు తెలంగాణ చరిత్రలో ముల్కీ నిబంధనలు చదువుతున్నావు. మధ్యలో ఒక్క నిమిషం గ్రూపు చూశావు, కోర్టు కేసు గురించి ఏదో ఉంది. ఫోన్ పక్కన పెట్టి మళ్లీ పుస్తకం పట్టుకున్నావు. కళ్లు పేజీ మీద ఉన్నాయి, ఆలోచన కోర్టులో ఉంది. పోయింది నిమిషమే అనుకుంటాం. నిజానికి ఆ తర్వాతి పావుగంట చదువు కూడా పచ్చిగానే ఉండిపోతుంది.

2024లో పరీక్ష ఎలా జరిగిందో గుర్తు చేసుకో. పేపరుకు 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, రోజుకు రెండు పేపర్లు. హాల్లోకి ఫోన్ రానివ్వరు. మామూలు రోజుల్లో పది నిమిషాలకోసారి ఫోన్ చూసే మనసును ఆ రోజు రెండున్నర గంటలు కదలకుండా కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది? తెలిసిన ప్రశ్నలకు కూడా తప్పులు పెట్టి వచ్చిన పిల్లలను చూశాను. వాళ్లకు చదువు తక్కువై కాదు, అంతసేపు ఒకే దాని మీద నిలిచే అలవాటు తప్పిపోయింది. సిలబస్‌తో పాటు నువ్వు సాధన చేయాల్సింది ఈ రెండున్నర గంటలనే. మొదట ఎంతసేపు కూర్చోగలిగితే అంతసేపు కూర్చో, ముప్పావుగంటైనా సరే. వారానికి కొంచెం పెంచుకుంటూ పో. ఆదివారం పూట మాక్ టెస్ట్ కాగితం మీద, పూర్తి సమయం పెట్టుకుని రాయి.

ఆ సమయంలో ఫోన్ సైలెంట్‌లో పెట్టి టేబుల్ మీద బోర్లా పెట్టడం చాలదు, వేరే గదిలో ఉండాలి. ఫోన్ పక్క గదిలో పెట్టినవాళ్లు, టేబుల్ మీద పెట్టుకున్నవాళ్లకంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షలు బాగా చేశారని 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. తర్వాత అలాంటి ప్రయోగమే చేసిన కొందరికి అంత తేడా కనబడలేదు. ఆ వాదన ఎటు తేలినా, కళ్లకు కనబడే ఫోన్‌ను చేయి వెతుక్కుంటుందని చదువుగదిలో రోజూ చూసినవాణ్ణి నేను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నీకు నడిచే దూరంలోనే ఉంది. పొద్దున పూట ఫోన్ హాస్టల్ బీరువాలో పెట్టి, పుస్తకం, నీళ్ల సీసా పట్టుకుని అక్కడికి వెళ్లు. టైమ్ కోసం చేతికి వాచీ పెట్టుకో. ఇది చిన్న విషయం కాదు, టైమ్ చూద్దామని ఫోన్ తీసి అరగంట పోగొట్టుకునేవాళ్లు ఎంతోమంది.

చదువుతుంటే "ఈ స్కీము ఏ సంవత్సరంలో మొదలైంది?", "అక్కకు ఫోన్ చేయాలి", "రిజల్ట్ వచ్చిందేమో" ఇలాంటివి గుర్తొస్తూనే ఉంటాయి. ఒక తెల్ల కాగితం పక్కన పెట్టుకుని వచ్చినవి వచ్చినట్టు రాసేయి. సాయంత్రం అన్నీ కలిపి చూసుకో. రాయగానే మనసు వాటిని వదిలేస్తుంది. సాయంత్రానికి సగం వాటితో పనే ఉండదు.

ఇక ఫోన్‌లో చేయాల్సినవి. యాప్‌కు రోజుకు ఇంత టైమ్ అని పరిమితి పెట్టుకోవడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పెట్టిన వేలే తీసేస్తుంది. దానికంటే నోటిఫికేషన్లు ఆపెయ్యి. కాల్స్, బ్యాంకు మెసేజ్‌లు తప్ప ఏదీ మోగకూడదు. వాట్సాప్ గ్రూపులన్నీ ఎప్పటికీ మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడెయ్యి, మన చుట్టాల గ్రూపు కూడా. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే నేను చెప్తాను. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ చెరిపేసి, ఇకమీదట నమోదు కాకుండా ఆపేస్తే, తెరవగానే ఎదురొచ్చే వీడియోల వరస పోతుంది. నీకు కావాల్సిన క్లాసు పేరు వెతికి చూస్తావు, అంతే. వీలైతే ఆ రోజు క్లాసులు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, డేటా ఆపి విను.

టెలిగ్రామ్‌లో ఒక్క గ్రూపు ఉంచుకో. రాత్రి భోజనం అయ్యాక ఒకసారి చూడు. నోటిఫికేషన్, తేదీ, ఆన్సర్ కీ, ఫలితం, ఏదైనా సరే పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెబ్ నోట్, అంటే అధికారిక ప్రకటన, వచ్చేదాకా అది నీకు వార్త కాదు. వెబ్ నోట్ వచ్చాక దాన్ని నువ్వు పొద్దున చూసినా రాత్రి చూసినా పోయేదేమీ లేదు. అభ్యంతరాలకైనా ఫీజు కట్టడానికైనా గడువు ఇస్తారు.

ఇవన్నీ చెప్పాక కూడా ఒకటి మిగిలి ఉంది, అది నన్ను ఎక్కువ బాధపెడుతోంది. నువ్వు రాత్రి ఒంటిగంట దాకా ఇన్‌స్టాగ్రామ్ చూస్తున్నది సరదాకు కాదని నాకు తెలుసు. ఊరు కాని ఊరు, ముగ్గురు పట్టే గది, నీతో డిగ్రీ చదివినవాళ్లలో ఒకరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒకరికి పెళ్లి. వాళ్ల ఫోటోలు చూసి "నేనే ఆగిపోయాను" అనుకుంటున్నావు. నీకు ఆ ఫోన్ తోడు. తోడును తీసేసి చోటు ఖాళీగా ఉంచితే మనిషి తట్టుకోలేడు. అందుకే రోజూ సాయంత్రం ఇందిరా పార్కు దాకా ఎవరినైనా వెంటబెట్టుకుని నడిచి రా. ఒక స్నేహితురాలికి ఫోన్ చేసి నోరారా మాట్లాడు. పది మంది ఫోటోలు చూడటం కంటే ఒకరి గొంతు వినడం మంచిది. ఫోన్‌కు చార్జింగ్ మంచానికి దూరంగా, తలుపు దగ్గర ప్లగ్‌లో పెట్టు. నిద్ర సరిగా ఉంటేనే మిగతావన్నీ కుదురుతాయి.

గదిలో మిగతా ఇద్దరితో కూడా మాట్లాడు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్గావ్ అనే ఊళ్లో 2022లో సాయంత్రం ఏడింటికి సైరన్ మోగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత గంటన్నర పాటు ఊరంతా టీవీలు, ఫోన్లు ఆపేసి పిల్లలను చదివించాలని పంచాయతీ తీర్మానం. ఒక్క ఇల్లు ఆపితే నిలవదని ఊరంతా కలిసి చేశారు. మీ ముగ్గురూ అలాగే ఒక టైమ్ అనుకుని మూడు ఫోన్లూ ఒకే బీరువాలో పెట్టండి. ఒకరు రీల్స్ చూస్తుంటే పక్కన పాలిటీ చదవడం ఎవరివల్లా కాదు.

ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర రాకపోతే, దేని మీదా మనసు పెట్టలేకపోతే, ఏడుపు వస్తుంటే దాచుకోకు. నాకు చెప్పు. 14416కు చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు. అది సిగ్గుపడాల్సిన పని కాదు.

అమ్మతో మాట్లాడాను. పగలు ఏ వేళప్పుడైనా చేస్తుందని కదా నువ్వు ఫోన్ వదలలేకపోతున్నావు. ఇక నుంచి రాత్రి తొమ్మిదికే చేస్తానంది. మధ్యలో నిజంగా అర్జెంటు పని పడితే హాస్టల్ వార్డెన్‌కు చేస్తుంది. ఆ నంబర్ ఈ రాత్రే అమ్మకు పంపించు.

ప్రేమతో,
మామయ్య