“ఏం కాదులే” అనే ముందు

చిరంజీవి శ్రావణికి, అత్త ఆశీస్సులు.

నీకు నర్సుగా మగవాళ్ళ మెడికల్ వార్డులో డ్యూటీ వేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నేనూ అలాంటి వార్డులోనే మొదలుపెట్టాను. క్యాన్యులాలు, ఇంజెక్షన్లు, చార్టులు రాయడం నెల తిరిగేసరికి నీ చేతికి అలవాటైపోతాయి, వాటి గురించి నేను చెప్పక్కర్లేదు. నాకు బాగా ఆలస్యంగా పట్టుబడిన పని ఒకటుంది, పేషెంటుతో మాట్లాడడం. దాని గురించే ఈ ఉత్తరం.

ముందు నా తప్పు చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, నైట్ డ్యూటీ. నలభై మంచాల వార్డుకి నేనూ ఒక ఆయమ్మా. సుగర్ ఉన్న ఒక పెద్దాయన రాత్రి రెండింటికి నన్ను పిలిచి “అదోలా ఉందమ్మా” అన్నాడు. ఎక్కడ అని అడిగితే చెప్పలేకపోయాడు. “ఏం కాదులే తాతా, పడుకో” అని దుప్పటి సర్ది వచ్చేశాను. ఐదింటికల్లా ఒళ్ళంతా చెమటలు, ఆయాసం. ఈసీజీ తీస్తే గుండెపోటు. సుగర్ ఉన్నవాళ్ళకి గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండానే వస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను!

ఆయన బతికాడు. కానీ ఆ తర్వాత వార్డులో ఉన్నన్నాళ్ళూ ఏ బాధ వచ్చినా పక్క మంచం వాళ్ళ అబ్బాయికి చెప్పేవాడు, నాకు చెప్పేవాడు కాదు. నా మీద కోపం ఉన్నట్టు కూడా అనిపించలేదు. ఈ పిల్లకి చెప్పినా దండగ అనుకున్నాడు, అంతే. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

“ఏం కాదు” అనేది మన ఇళ్ళలో పుట్టిన మాట. పిల్లవాడు పడితే ఏం కాదు, పరీక్ష తప్పితే ఏం కాదు. ఇంట్లో బాగానే ఉంటుంది. వార్డులో అదే మాట విన్నవాడికి ‘ఇక చెప్పకు’ అన్నట్టు వినబడుతుంది. మన నర్సింగ్‌కి దారి వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన పుస్తకంలో, రోగి ప్రమాదాన్ని తేలిక చేసి ఊరికే ధైర్యం చెప్పేవాళ్ళ మీద ఒక అధ్యాయమే రాసి విసుక్కుంది. ఆమె చేతిలో దీపం అందరికీ తెలుసు, ఆ విసుగు ఎవరూ చెప్పరు.

మరి ఏమనాలి? “అదోలా అంటే ఎలా ఉంది? ఎప్పట్నుంచి?” అని అడిగి, నాడి పట్టుకుని అక్కడే నిలబడు. వెంటనే జవాబు రాకపోతే నువ్వే మాటలు అందించకు, కాసేపు ఊరుకో. మనవాళ్ళకి బాధ చెప్పుకోవడానికి బోలెడు మాటలున్నాయి: సలుపు, పోటు, తీపు, మంట, పీకడం, గుబులు, గాబరా, కడుపులో దేవడం. అన్నిటినీ ‘నొప్పి’ అని ఒక్క ముక్కలో రాసేయకు. కాలిపుండు నిన్న మంటగా ఉండి ఇవాళ సలుపుతోందంటే డ్రెస్సింగ్ విప్పి చూడాల్సిందే. నర్సెస్ నోట్స్‌లో పేషెంటు అన్నమాట అన్నట్టే రాయి, టైముతో సహా.

ఇంజెక్షన్ ముందు “చీమ కుట్టినట్టు ఉంటుంది” అనే అబద్ధం కూడా మానెయ్. నొప్పి పుడుతుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది అని చెప్పు. పిల్లలు కూడా రెండోసారి చెయ్యి చాపుతారు.

ఇంకొకటి, ‘ఎందుకు’తో ప్రశ్న మొదలుపెట్టకు. “ఇన్సులిన్ ఎందుకు మానేశావ్?” అంటే మన ఊళ్ళలో అది తిట్టే. ఒకావిడ నాలుగుసార్లు సుగర్ పెరిగి అడ్మిట్ అయింది. ప్రతిసారీ అందరం ‘ఎందుకు’ అనే అడిగాం, ఆవిడ తల వంచుకునేది. ఐదోసారి స్టూలు లాక్కుని కూర్చుని “ఇంటి దగ్గర ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకుంటారు?” అన్నాను. పక్కింటి ఫ్రిజ్‌లోనట. వాళ్ళతో గోడ తగాదా వచ్చి మాటల్లేవట. తడిపిన కుండలో చల్లగా ఎలా పెట్టుకోవాలో, వాడుతున్న సీసా ఎన్నాళ్ళకి మార్చాలో చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఐదు అడ్మిషన్లు, ఒక గోడ!

అన్నిటికంటే కష్టమైంది నీకు కూడా రాత్రిపూటే వస్తుంది. క్యాన్సరని పేషెంటుకి చెప్పొద్దని కొడుకులు చేతులు పట్టుకుంటారు. అటెండెంట్లు నిద్రపోయాక ఆయన మెల్లగా “నాకేమొచ్చింది సిస్టర్?” అంటాడు. “గడ్డే లెండి, తగ్గిపోతుంది” అనకు. రిపోర్టు చదివి చెప్పడమూ నీ పని కాదు. “మీకేమనిపిస్తోంది?” అని అడుగు. చాలామందికి ముందే తెలిసి ఉంటుంది. నాతో ఒకాయన “తెలుసమ్మా, మావాళ్ళు భయపడతారని అడగట్లేదు” అన్నాడు. ఏడిస్తే ఏడవనీ. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు గారితో, ఈయన అడుగుతున్నారు, తెలుసుకోవాలనుకుంటున్నారు అని స్పష్టంగా చెప్పు. కొడుకుల్ని కూర్చోబెట్టి మాట్లాడమని గుర్తుచెయ్. దీనికి నా దగ్గర ఇంతకంటే మంచి దారి లేదు.

రాత్రి డాక్టరుకి ఫోన్ చేస్తే “సార్, పేషెంట్ బాలేడు” అని ఊరుకోకు. ఇప్పుడు ఏం జరుగుతోంది, ముందు పరిస్థితేంటి, నువ్వు ఏమనుకుంటున్నావు, ఏం కావాలి, ఈ వరసలో చెప్పు. ఎస్‌బార్ అని మీకు నేర్పే ఉంటారు. అమెరికా నేవీ జలాంతర్గాముల నుంచి ఆస్పత్రులకు వచ్చిన పద్ధతి. అందులో మూడోది, ‘నేను ఏమనుకుంటున్నాను’ అన్నది, మన పిల్లలు మింగేస్తారు. సార్ విసుక్కుంటాడని టెన్షన్. విసుక్కోనీ.

మనం డాక్టరు చెప్పింది చేసేవాళ్ళమే కదా అని పోయినసారి అన్నావు. కేంద్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో 2016లో స్టాఫ్ నర్సు పేరు నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చారు. సంతోషమే, ఆ గౌరవం కోసం ఎంతోమంది పోరాడారు. కానీ పక్క మంచం కుర్రాడికి చెప్పుకున్న ఆ పెద్దాయన లెక్కలో, ఆ రాత్రి నా బ్యాడ్జి మీద ఏం రాసి ఉన్నా నేను నర్సుని కాను. నర్సు, రోగి సంబంధం గురించి పుస్తకం రాసిన అమెరికా నర్సు పెప్లౌ 1952లోనే, రోగికి నర్సు ముందు కొత్తమనిషిగానే ఎదురవుతుందని రాసింది. కాబట్టి డ్యూటీ ఎక్కగానే నీ పేరు చెప్పు, వాళ్ళ పేరు అడుగు. ‘ఆరో బెడ్డు’ అని పిలవకు. తాతా అనాలో, మీరు అనాలో వాళ్ళనే అడుగు, కొందరికి ‘మీరు’ అంటే పరాయిగా ఉంటుంది.

మొదటి జీతంతో మీ అమ్మకి చీర తర్వాత కొనొచ్చు, ముందు మెత్తటి చెప్పులు కొనుక్కో. రాత్రి రెండింటికి నువ్వు టకటకమని నడిస్తే వార్డంతా లేస్తుంది.

ఇట్లు,
మీ అత్త